జబ్బుపడ్డ ఇమాం నీడలో

దారుల్ షిఫా అంటే హైదరాబాద్‌లో చాలామందికి ఒక బస్టాపు. ఆటోవాలాకి ఒక చౌరస్తా. ఆ పేరుకి స్వస్థత ఇచ్చే ఇల్లు అని అర్థమనీ, అక్కడ నిజంగానే ఒక ఆసుపత్రి నడిచిందనీ గుర్తున్నవాళ్లు తక్కువ. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1595లో కట్టించిన దవాఖానా అది. నడుమ విశాలమైన ఆవరణ, చుట్టూ రెండంతస్తుల్లో గదులు. అక్కడ యునానీ వైద్యం చేసేవాళ్లు, నేర్పేవాళ్లు. చార్మినార్‌కి నాలుగేళ్లు చిన్నది. చార్మినార్ బొమ్మ బిస్కెట్ డబ్బాల మీదికి కూడా ఎక్కింది, దారుల్ షిఫా మాత్రం గోడలకు రావి మొక్కలు మొలిపించుకుని ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది.

ఇవాళ అక్కడ వైద్యం లేదు. అలం మాత్రం ఉంది. దాన్ని సర్తౌఖ్ ముబారక్ అంటారు. తౌఖ్ అంటే ఖైదీ మెడకు వేసే ఇనుప కంటె. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఇమాం హుస్సేన్‌నీ, ఆయన వెంట ఉన్న కొద్దిమందినీ యజీద్ సైన్యం చంపేసినప్పుడు ఆయన కొడుకు జైనుల్ ఆబిదీన్ గుడారంలో జ్వరంతో పడి ఉన్నాడు. లేవలేకపోయాడు గనక యుద్ధానికి పోలేదు, పోలేదు గనక బతికాడు. తర్వాత ఆయన్ని, ఇంటి ఆడవాళ్లను బందీలుగా డమాస్కస్ దాకా నడిపించారు. ఆయన మెడకు వేసిన కంటె ముక్క ఈ అలంలో ఉందని భక్తుల నమ్మకం. షియాలు ఆయన్ని బీమారె కర్బలా అని తలుచుకుంటారు. కర్బలా జబ్బుమనిషి అని.

ఆ నమ్మకం చరిత్రకు నిలుస్తుందా లేదా అనే తగువు మేం ఇక్కడ పెట్టుకోవడం లేదు. మాకు కావలసిన ప్రశ్న వేరే ఉంది. ఆసుపత్రి ఆవరణలో నిలబెట్టడానికి గుర్తులు తక్కువా? కర్బలా కథలోనే కత్తి పట్టినవాళ్లున్నారు, గుర్రమెక్కినవాళ్లున్నారు. వాళ్లందర్నీ వదిలి, మంచం మీంచి లేవలేనివాడి గుర్తు, సంకెళ్లు పడ్డవాడి గుర్తు రోగుల మధ్యకు చేరింది. ఆ అలం ఎదుట నిలబడ్డ రోగికి బలవంతుడు ఒకడు చెయ్యి చాపి లేపుతున్నట్టు అనిపించదు. తనకంటే ముందు జ్వరపడ్డవాడు ఒకడు పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. షిఫా అనే మాటకి మా పెద్దవాళ్లు ఇచ్చిన రూపం ఇది. తెలుగులో కళావిమర్శ రాసేవాళ్లు ఈ రూపం మీద ఎన్ని పేజీలు రాశారో వెతికితే చెయ్యి ఖాళీగానే తిరిగొస్తుంది.

ఈ మాట ఇప్పుడెందుకంటే, కొన్నేళ్లుగా, మరీ ముఖ్యంగా 2020 కరోనా తర్వాత, నగరాల్లో ఒక కొత్త భాష వినబడుతోంది. పబ్లిక్ ఆర్ట్ అంటున్నారు. జనం మధ్య కళ గాయాలు మాన్పుతుందంటున్నారు. భయం లేని చోటు కావాలి, ఒకర్నొకరు చూసుకునే సమూహం కావాలి అంటున్నారు. మంచిదే. ఈ మాటలు అంటున్నవాళ్లలో మా మిత్రులున్నారు, వాళ్ల చిత్తశుద్ధి మీద మాకు అనుమానం లేదు. కానీ ఇదంతా గ్యాలరీల్లో, పడమటి దేశాల పుస్తకాల్లో ఇప్పుడే పుట్టినట్టు మాట్లాడితే మాకు నవ్వూ వస్తుంది, కొంచెం ఉక్రోషమూ వస్తుంది. ఊరి నడుమ పీర్ల కొట్టం ఉంది. దాని ముందు గుండం ఉంది. పది రాత్రులు ఊరంతా అక్కడే ఉంటుంది. ఇది కళ కాకపోతే, జనం మధ్య కళ కాకపోతే, మరి దేన్ని అంటారు?

అలం రూపాన్నే చూడండి. తెలంగాణలో పీరు, పీరీ అంటాం. ఇత్తడో వెండో రేకు, దాన్ని నిలబెట్టే పొడుగాటి కర్ర, చుట్టూ మొక్కుకున్నవాళ్లు కట్టిన దట్టీలు. కొన్ని కన్నీటి బొట్టు ఆకారంలో ఉంటాయి. కుతుబ్ షాహీల నాటి వాటికి రెండువైపులా నోళ్లు తెరిచిన సర్పాల్లాంటి తలలుంటాయి. కొన్ని అరచేతి ఆకారంలో ఉంటాయి. ఆ చెయ్యిని ప్రవక్త ఇంటి ఐదుగురికి గుర్తుగా చూసేవాళ్లు ఉన్నారు, అబ్బాస్ తెగిన చెయ్యిగా చూసేవాళ్లు ఉన్నారు. అబ్బాస్ గుడారాల్లో దాహంతో ఏడుస్తున్న పిల్లల కోసం నదికి నీళ్లకు పోయినవాడు. తోలుతిత్తి నింపుకుని వస్తుంటే చేతులు నరికేశారు. అందుకే ఆయన అలానికి చిన్న తిత్తి ఒకటి కట్టి ఉంటుంది. లోకంలో జెండాలన్నీ గెలిచినవాళ్లవి. ఈ జెండా మీద మాత్రం నీళ్లు తెస్తూ పడిపోయినవాడి తిత్తి వేలాడుతుంది.

ఆ తిత్తిలోంచే సబీల్ పుట్టింది. మొహర్రంలో పాతబస్తీ గల్లీల్లో నల్లగుడ్డ కప్పిన చిన్న పందిరి, ఒక బల్ల, కుండలు, గ్లాసులు. దారిన పోయే ఎవరికైనా నీళ్లో షర్బతో ఇస్తారు. పేరడగరు, పైసలడగరు. పిల్లలే ఎక్కువగా నిలబడి పోస్తుంటారు. పదమూడు వందల ఏళ్లకు పైబడ్డ ఒక దాహాన్ని ఇవాళ దాహమేసినవాడి గొంతులో తీర్చడం అన్న ఆలోచన ఎంత పెద్దదో ఆ బల్ల దగ్గర నిలబడ్డవాడికి తట్టకపోవచ్చు. తట్టనవసరం లేదు కూడా. నీళ్లు చల్లగా ఉంటే చాలు.

పెద్ద ఎత్తున చూడాలంటే పత్తర్‌గట్టీ దగ్గరున్న బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకి పోవాలి. దీన్నీ మహమ్మద్ కులీయే 1590లలో కట్టించాడు. గోడల మీద మెరుగుపలకల పని 1611 నాటిది. పసుపు, నీలం, ఆకుపచ్చ, గోధుమరంగు పలకలు ఆరు కోణాల ముక్కలుగా అల్లుకుని ఉంటాయి. వాటి నడుమ గోడంత ఎత్తున అలం రూపాలే పలకల్లో విచ్చుకుంటాయి. ఏడవడానికి వచ్చే చోటుకి ఇన్ని రంగులేమిటని ఎవరైనా అడగొచ్చు. మాకు తోచింది ఇదీ: నల్లబట్టలు కట్టుకుని వచ్చినవాడికి గోడ కూడా నల్లగా ఉంటే ఊపిరాడదు. కట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసు.

ఈ కట్టడం పడ్డ పాట్లు కూడా చెప్పుకోవాలి. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతిలో పడ్డాక, ఈ ఆషూర్‌ఖానా దాదాపు వందేళ్లు బండ్లు, పశువులు కట్టేసే కొట్టంగా మారింది. ముస్లిం రాజు వచ్చి ముస్లింల ప్రార్థనాస్థలాన్ని బండిఖానా చేశాడు. మమ్మల్నందర్నీ ఒకే ముద్దగా చూసేవాళ్లు ఈ ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగితే బాగుంటుంది. తర్వాత నిజాం అలీఖాన్ దాన్ని మళ్లీ బాగుచేయించి, ఏటా ఖర్చులకు డబ్బు ఏర్పాటు చేశాడు. ఇప్పుడు ముందు కనిపించే కొయ్య స్తంభాల హాలు ఆయన కాలంలో చేర్చిందే. ఆ పైన 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. ఆషూర్‌ఖానాలోకి నీళ్లొచ్చి పలకలు రాలిపోయాయి. రాలినచోట తర్వాత రంగులతో గీసి పూడ్చారు. అసలు పలకకి, గీతకి తేడా ఇప్పటికీ తెలుస్తుంది. తెలియడమే మంచిదని మా అభిప్రాయం. గాయం ఎక్కడ తగిలిందో గోడ దాచలేదు.

అదే వరద నాడు నదికి అటువైపు ఒక చింతచెట్టు దాదాపు నూటయాభై మందిని కాపాడింది. కొమ్మలెక్కి రెండ్రోజులు దాన్నే పట్టుకుని ఉన్నారు. ఆ చెట్టు తర్వాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోకి వచ్చింది. ఆ వరదలో పదిహేను వేలమంది దాకా పోయారంటారు. ఉర్దూ రుబాయీ కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ కళ్లముందే పోగొట్టుకుని తానొక్కడే బయటపడ్డాడు. దాని మీద ఆయన రాసిన కవిత పేరు 'ఖయామతె సుగ్రా', చిన్న ప్రళయం అని. ఏటా సెప్టెంబర్ 28న కొంతమంది ఆ చెట్టు కింద చేరి చనిపోయినవాళ్లను తలుచుకుంటున్నారు. శిల్పం లేదు, ఫలకం ముందు రిబ్బను లేదు. చెట్టే స్మారకం. నగరంలో పబ్లిక్ ఆర్ట్ ఏదని అడిగేవాళ్లకు మేం ముందు ఈ చెట్టునే చూపిస్తాం. అయితే 2020 జులైలో అదే ఆసుపత్రి వార్డుల్లోకి వాననీళ్లు, మురుగునీళ్లు వచ్చి రోగుల మంచాల కింద నిలిచాయి. చెట్టుకి దండం పెట్టి దవాఖానాని వదిలేస్తే ఆ తలుచుకోవడానికి అర్థం లేదు.

ఇక లంగర్ కథ. ఇది హయాత్ బక్షీ బేగంది. మహమ్మద్ కులీ కూతురు, ఒక సుల్తాన్ భార్య, ఇంకొక సుల్తాన్ తల్లి. కొడుకు అబ్దుల్లా చిన్నవాడుగా ఉన్నప్పుడు ఎక్కిన ఏనుగు మదమెక్కి, పిల్లవాడితో సహా అడవిలోకి పరుగెత్తిందట. తల్లి ఏం చేసిందంటే, అడవిలో చెట్ల కొమ్మలకు అన్నం మూటలు కట్టించింది. ఏనుగు ఆ కింద నుంచి పోతే పిల్లవాడి చేతికి అందుతుందని. పిల్లవాడు క్షేమంగా తిరిగొస్తే ఏనుగుకి కట్టే గొలుసంత బరువైన బంగారు గొలుసు హుస్సేనీ ఆలంకి సమర్పిస్తానని మొక్కుకుంది. లంగర్ అంటే ఆ గొలుసే. పిల్లవాడు వచ్చాడు. గొలుసు ఊరేగింపుగా పోయింది, బంగారాన్ని ముక్కలు చేసి పేదలకు పంచారు. జనం చెప్పుకునే కథ ఇది. ఎంత నిజమో ఎంత అల్లికో పక్కన పెట్టినా, ఈ నగరం తన గురించి తాను ఇలాంటి కథ చెప్పుకోదలచిందన్నది మాత్రం నిజం. ఆకలితో ఉన్న పిల్లవాడు ఎక్కడున్నాడో తెలియనప్పుడు అడవి మొత్తానికి అన్నం కట్టాలి.

తర్వాతేమయింది? ఏటా లంగర్ ఊరేగింపు జరిగింది. నిజాంల కాలానికి వచ్చేసరికి అది సైన్యం కవాతు అయింది. ఏనుగులు, ఒంటెలు, అరబ్బు సిపాయీలు, పటాలాలు, డాబాల మీద కూర్చుని చూసే దొరలు. అన్నం మూటల సంగతి ఎవరికీ గుర్తులేదు. చివరికి ఊరేగింపే ఆగిపోయింది. మాకు దాని మీద బెంగ లేదు. పంచడానికి పుట్టింది చూపించడానికి మిగిలితే అది ఆగడమే నయం. ఈ కొలబద్దే మేం ఇవాళ్టి వాటికీ పెడుతున్నాం.

2016లో ఖైరతాబాద్ దగ్గర ఎం.ఎస్. మక్తాలో స్టార్ట్ ఇండియా సంస్థ పిలిస్తే చిత్రకారులు వచ్చి ఇళ్ల గోడల మీద పెద్దపెద్ద బొమ్మలు వేశారు. బొమ్మలు బాగున్నాయి. కొన్ని చాలా బాగున్నాయి. ఇరుకు గల్లీలో తలెత్తి చూసేలా రంగు పడితే ఎవరు వద్దంటారు? ఆ తర్వాత ఫ్లైఓవర్ స్తంభాలు, అండర్‌పాసులు అన్నీ రంగులయ్యాయి. కానీ గోడ వెనక ఉన్నవాళ్లకూ గోడ మీది బొమ్మకూ మధ్య లావాదేవీ ఏమిటి? పీర్ల కొట్టంలో చూసేవాడు, చేసేవాడు అనే గీత లేదు. కట్టెలు మోసినవాడు ఆ రాత్రి గుండం చుట్టూ ఆడతాడు. దట్టీ కట్టినామె మలీద ముద్ద పంచుతుంది. గోడ బొమ్మ దగ్గర మాత్రం అక్కడివాళ్లు ఫోటోలో వెనకాల నడిచిపోయే మనుషులే.

ఫోటోల మాట వచ్చింది గనక మా వృత్తి సంగతి కూడా చెప్పాలి. రెండు భాషల పత్రికల్లో పనిచేసినవాళ్లం. మొహర్రం పదో రోజు దబీర్‌పురా బీబీ కా అలావా నుంచి బీబీ కా అలం ఏనుగు మీద బయలుదేరి చాదర్‌ఘాట్ దాకా పోతుంది. ఉర్దూ పేజీలో ఏ మజ్లిస్ ఎక్కడ, ఎన్నింటికి, ఎవరు చదువుతారు, ఏ గల్లీలో అలం ఎంతసేపు ఆగుతుంది, ఇవి వస్తాయి. తెలుగు పేజీలో ట్రాఫిక్ మళ్లింపులు, పోలీసు బందోబస్తు, ఏనుగు, రక్తం వస్తాయి. జిల్లా పేజీలో అయితే పీరు ఎత్తుకున్న హిందూ సోదరుడి ఫోటో తప్పదు. కింద మతసామరస్యానికి ప్రతీక అని రాయాలి. డెస్కు మీద ఆ మాట అచ్చు పోసి పెట్టే ఉంటుంది, ఏటా తీసి వాడటమే. ఉర్దూ పేజీ వచ్చేవాడి కోసం రాసింది. తెలుగు పేజీ ఆ దారిన పోకుండా తప్పించుకునేవాడి కోసం రాసింది. రెండింటి మధ్యా నలిగిపోయింది మాత్రం ఆ రోజు అక్కడ మనుషులు ఎందుకు ఏడుస్తున్నారన్న విషయం.

మజ్లిస్‌లో ఏడుపుకి ఒక వేళ ఉంది, ఒక చోటు ఉంది. చదివే మనిషి కథ చెబుతూ చెబుతూ జైనబ్ దగ్గరికి వస్తుంది. అన్నని, కొడుకుల్ని పోగొట్టుకుని, బందీగా నిలబడి, యజీద్ దర్బారులో ఎదురు మాట్లాడిన ఆడమనిషి. ఆడవాళ్ల మజ్లిస్‌లో చదివేదీ ఆడమనిషే. అక్కడ ఏడ్చే వాళ్లలో ఎవరు జైనబ్ కోసం ఏడుస్తున్నారో, ఎవరు గల్ఫ్‌లో ఉన్న కొడుకు కోసం ఏడుస్తున్నారో, ఎవరు ఇంట్లో నోరెత్తి చెప్పుకోలేని దాని కోసం ఏడుస్తున్నారో ఎవరూ అడగరు. ఇది తెలుగు ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. చావింట్లో శోకాలు పెట్టే తల్లి, పోయినవాళ్ల పేరు మీద తన పుట్టింటి దుఃఖమంతా రాగం తీస్తుంది. అక్కడున్నవాళ్లకు తెలుసు, వినీ విననట్టు ఉంటారు. ఆ విననట్టు ఉండటంలో ఎంతో మర్యాద ఉంది. ఏడవడానికి కారణం చూపించనక్కర్లేని చోటునే మేం పనాహ్ అంటాం.

పల్లెల్లో ఇది ఇంకో రూపం తీసుకుంది. నెలపొడుపు కనబడగానే ఏడాదంతా పెట్టెలో ఉన్న పీర్లను దించుతారు. చింతపండుతో తోముతారు. గుండం తవ్వుతారు. డప్పు లేకుండా పీరు కదలదు, డప్పు మాదిగలది. పీరుని చేసింది చాలాచోట్ల అవుసలి, కంచరి చేతులు. ముజావర్ తురకలాయన కావచ్చు, దూదేకులాయన కావచ్చు. ఖాసిం దూలా పీరు లేస్తే, పెళ్లి పారాణి ఆరకుండా కొడుకుని పోగొట్టుకున్న తల్లులకు అది ఉత్త ఇత్తడి కాదు. పీరు ఎవరి గడప ముందు ఆగితే వాళ్లు బిందెడు నీళ్లు పోసి, ఊదు వేసి, బిడ్డను దాని కింద నుంచి దాటిస్తారు. జ్వరం తగ్గుతుందా? దవాఖానాకి పోవడం మానేసి ఇది చెయ్యమని మేం చెప్పడం లేదు. బిడ్డకు జ్వరమన్న సంగతి ఆ ఒక్క నిమిషంలో వాడకట్టంతటికీ తెలుస్తుంది. రేపు ఎవరో ఒకరు తలుపు తట్టి ఎట్లుందని అడుగుతారు. సంరక్షణ అనే పెద్దమాటకి పల్లెలో ఉన్న అర్థం అదే.

ఈ చోటుని ఇప్పుడు రెండువైపుల నుంచి ఖాళీ చేయిస్తున్నారు. మా వాళ్లలో కొందరు ఇది బిద్అత్, ఇది షిర్క్, అసలైన ఇస్లాం కాదు అంటారు. ఇంకొకవైపు లౌకిక మిత్రులు ఇదే అసలైన ఇస్లాం, ఇట్లా ఉంటే ఎంత బాగుంటుంది అంటారు. మొదటివాళ్లు దూదేకులాయన్నీ, ఫకీర్‌నీ మీరు పూర్తి ముస్లింలు కారని చిన్నబుచ్చుతారు. రెండోవాళ్లు మసీదుకి పోయే ఆయన్ని చూసి ముఖం తిప్పుకుని, పీరు ఎత్తుకున్నాయన భుజం తడతారు. ఎట్లా ఉంటే ముస్లిం అవుతాడో, ఎట్లా ఉంటే మంచి ముస్లిం అవుతాడో చెప్పే హక్కు వీళ్లిద్దరికీ ఎవరిచ్చారు? అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి మొహర్రం మీద కవి అఫ్సర్ పరిశోధించి రాసిన 'ద ఫెస్టివల్ ఆఫ్ పీర్స్' 2013లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ఊరి ఇస్లాంకీ, 'అస్లీ' ఇస్లాంకీ మధ్య రాపిడిని ఆ పుస్తకం దాచకుండా రాసింది. మనకి నచ్చేది అదే. సామరస్యం అనే తీపి పూతకింద తగువులున్నాయి, కులాలున్నాయి, ఎవరు ముందు పీరు పట్టాలనే పంతాలున్నాయి. తగువు లేని పీర్ల పండుగ పోస్టర్ మీద మాత్రమే ఉంటుంది. తగువులు ఉండీ ఆ పది రాత్రులు ఒకే గుండం చుట్టూ తిరగడం దాని గొప్పతనం.

ఇంకొక సంగతి కూడా లౌకిక మిత్రులు ఆలోచించాలి. సామరస్యానికి రుజువు చూపే పని ఎప్పుడూ మా మీదే పడుతుంది. గొడవ జరిగిన ప్రతిసారీ దర్గా ఫోటో, పీరు ఫోటో, ఖవ్వాలీ సాయంత్రం. దెబ్బతిన్నవాడే వచ్చి ఊరికి మందు రాయాలి. మా బాధ మేం ఏడవడానికి కట్టుకున్న చోటుని, మీరు ఊరట పొందే చోటుగా మార్చుకుంటే, మేం ఎక్కడికి పోవాలి? రండి, గుండం దగ్గర అందరికీ చోటుంది. వచ్చినవాళ్లు కట్టెపుల్ల ఒకటి తెచ్చి వెయ్యాలి, అంతే.

ఈ మాట నెల్లూరు రొట్టెల పండుగ చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. స్వర్ణాల చెరువు ఒడ్డున బారా షహీద్ దర్గా. మొహర్రం రోజుల్లో లక్షల జనం. మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. ఇప్పుడు వీసా రొట్టె కూడా వచ్చింది, నవ్వుకోనక్కర్లేదు, కోరిక కోరికే. పద్ధతి ఏమిటంటే, కోరిక ఉన్నవాళ్లు ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె తీసుకుని తింటారు. తమ కోరిక తీరాక మళ్లీ వచ్చి, అదే కోరికతో నిలబడ్డ ఇంకొకరికి రొట్టె ఇస్తారు. ఇచ్చినాయన ఎవరో తెలియదు, తీసుకున్నామె ఎవరో తెలియదు. అప్పు ఇచ్చినవాళ్లకు తిరిగి కట్టనక్కర్లేదు, ముందుకు అందించాలి. ఇంతకంటే చక్కని ఏర్పాటు ఏ కళాకారుడైనా ఏ గ్యాలరీలోనైనా చేసి ఉంటే దాని మీద ఎన్ని సదస్సులు జరిగి ఉండేవో. సరంజామా అంతా కలిపితే ఒక చెరువు, ఒక రొట్టె. ఇక్కడ కూడా బాగైన రోగే రోగికి రొట్టె ఇస్తాడు. సర్తౌఖ్ దగ్గర మేం చూసింది ఇదే.

రాష్ట్ర విభజన తర్వాత దీనికి రాష్ట్ర పండుగ హోదా వచ్చింది. ఘాట్లు, దీపాలు, స్వాగత ద్వారాలు వచ్చాయి. సౌకర్యాలు రావాల్సిందే, ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గదులు లేకుండా పండుగేమిటి? అయితే స్వాగత ద్వారాల మీద నాయకుల బొమ్మలు పెరిగినకొద్దీ మాకు లంగర్ గుర్తొస్తుంది. 2020లో కరోనా వల్ల చెరువులోకి జనాన్ని రానివ్వలేదు. రొట్టె బాకీ ఉన్నవాళ్లు బాకీతోనే ఉండిపోయారు. ఆ ఏడు ఎవరెవరి ఇళ్లలో ఎన్ని రొట్టెలు కాలి, ఇవ్వడానికి చెయ్యి లేక ఆగిపోయాయో అనిపిస్తుంది.

ఆ ఏడు మొదట్లోనే ఇంకొక చోటు కూడా పోయింది. ఢిల్లీలో షాహీన్‌బాగ్. అది హైదరాబాద్‌కి చాలా దూరం, కానీ ఈ వ్యాసంలో దానికి చోటు లేకుండా కుదరదు. పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా 2019 డిసెంబర్ 15 నుంచి ముస్లిం ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చున్నారు. ముసలమ్మలు, చంకన పిల్లలతో తల్లులు. ఆ చలిలో అక్కడ ఏమేం పుట్టాయో చూడండి. బస్టాపు గ్రంథాలయం అయింది, దానికి ఫాతిమా షేక్, సావిత్రీబాయి ఫూలేల పేర్లు పెట్టారు. ఇనుప కడ్డీలతో ఎత్తయిన భారతదేశం పటం నిలబెట్టారు. ఇండియా గేట్ నమూనా కట్టి, చనిపోయినవాళ్ల పేర్లు రాశారు. గోడల నిండా బొమ్మలు. పంజాబ్ నుంచి సిక్కు రైతులు వచ్చి పొయ్యిలు పెట్టి అన్నం వండారు. వాళ్లూ దాన్ని లంగర్ అనే అంటారు. మా లంగర్ గొలుసు, వాళ్ల లంగర్ వంటశాల. హయాత్ బక్షీ బేగం చెట్లకు కట్టించిన మూటలు ఇన్ని వందల ఏళ్లకు, ఇంకో ఊళ్లో, ఇంకో మతంవాళ్ల చేతుల మీదుగా దిగివచ్చినట్టు మాకనిపించింది. ఇది కవిత్వం చేస్తున్నామనుకుంటే అనుకోండి.

దాన్ని ఉద్యమంగా చూసి రాసినవాళ్లు చాలామంది. కళగా చూసి రాసినవాళ్లూ ఉన్నారు. కానీ అది ఆషూర్‌ఖానా పద్ధతి అని గుర్తించినవాళ్లు మాకు కనబడలేదు. ఒక చోటు ఎంచుకుని, రాత్రులు లెక్కపెట్టుకుంటూ, పోయినవాళ్ల పేర్లు చదువుతూ, వచ్చినవాళ్లకు తాగడానికీ తినడానికీ పెడుతూ, ఆడవాళ్లు నడుమ కూర్చుని మాట్లాడటం ఈ జాతికి తెలిసిన విద్య. వాళ్లలో షియాలెందరు, సున్నీలెందరు అని లెక్కలు తీసేవాళ్లు తీసుకోవచ్చు. బిల్కీస్ దాదీ పేరు ఆ ఏడాది టైమ్ పత్రిక జాబితాలో వచ్చింది. ఎనభై దాటిన మనిషి, చలికి ముడుచుకుని కూర్చున్న మనిషి. అక్కడ కూడా లోకం చూసిన గుర్తు కత్తి పట్టినవాడిది కాదు.

2020 మార్చి 24న, కరోనా పేరు మీద, నూట ఒకటో రోజు పోలీసులు వచ్చి అంతా తీసేశారు. పందిరి పీకారు, ఇండియా గేట్ నమూనానీ ఇనుప పటాన్నీ తీసుకుపోయారు. సాయంత్రానికి గోడల మీది బొమ్మలకు తెల్లసున్నం పడింది.